ఇంటి స్టూడియో కంప్యూటరు గురించి మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీణ రికార్డింగు రెండుసార్లు విన్నాను. వాయించిన అమ్మాయి చేయి బాగుంది, నువ్వు మైకు పెట్టిన చోటూ బాగుంది. అయితే ఆలాపన చివర తీగ నాదం సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసిపోవలసిన చోట రెండుసార్లు ‘టిక్’ మన్న చప్పుడు వినిపించింది. కేబుల్ దోషమేమోనని కొత్తది కొన్నానని రాశావు. పాత కేబుల్‌లో తప్పేమీ లేదు, దాన్ని పారెయ్యకు. ఆ చప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి, అంటే విండోస్, లినక్స్ వంటి కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాము నుంచి వచ్చింది. అదే ఉత్తరంలో, విడుదల కాని బాణీలు నీ కంప్యూటరులో ఉంటున్నాయి కాబట్టి అవి బయటికి పోకుండా ఏం చేయాలని కూడా అడిగావు. నువ్వు రెండు ప్రశ్నలనుకుని అడిగావు గాని, నేను దెబ్బతిని తెలుసుకున్నదేమిటంటే, చాలామటుకు అవి ఒకటే ప్రశ్న.

ఆ దెబ్బ సంగతి ముందు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సంగీత దర్శకుడి కోసం వయొలిన్ భాగాలు రికార్డు చేస్తున్నాను. కాపీ భద్రంగా ఉంటుందన్న ఉద్దేశంతో పాటల ఫోల్డరును తీసుకుపోయి, ఇంటర్‌నెట్‌లోకి తనంతట తాను కాపీ చేసుకునే ఫోల్డరులో పెట్టాను. టేక్ నడుస్తుండగా అక్కడక్కడా చిటపటలు వచ్చేవి. మూడు రోజులు కేబుళ్లు మార్చాను, ఎర్తింగు చూపించాను, చివరికి గదిలో ఫ్యాను రెగ్యులేటరు కూడా మార్పించాను. అసలు జరుగుతున్నదేమిటంటే, కొత్త ఫైలు డిస్కు మీద పడుతూనే ఆ ప్రోగ్రాము లేచి దాన్ని చదవడం, బయటికి పంపడం మొదలుపెట్టేది. ఆ ఖాతా పాస్‌వర్డు అంతకు ముందు సంవత్సరం పని మానేసిన కుర్రాడి దగ్గర కూడా ఉన్నదన్న విషయం నాకు తట్టనే లేదు. విడుదలకు ముందే ఆ బాణీ ఎవరిదో ఫోనులో వినిపించింది. నేను ఆ దర్శకుడి ఇంటికి వెళ్లి తలవంచుకుని క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నేను మూడు రోజులు వెతికిన ఆ టిక్కు, పాట ఇల్లు దాటి వెళుతున్న చప్పుడన్నమాట.

అది ఎందుకు అలా వినిపిస్తుందో తెలిస్తే మిగిలిన అమరికలన్నీ నీకే అర్థమవుతాయి. నీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటరుకు కలిపే ఆ పెట్టె, ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి (ఒక్కో కొలతను శాంపుల్ అంటాం), వాటిని చిన్న చిన్న విడతలుగా కంప్యూటరుకు అందిస్తుంది. ఆ విడత పరిమాణాన్నే బఫర్ అంటాం. బఫర్ 128 శాంపుళ్లయితే దాదాపు 2.7 మిల్లీసెకన్లకు ఒక విడత వస్తుంది, 256 అయితే 5.3కు, 1024 అయితే 21కి వస్తుంది. తరువాతి విడత వచ్చేలోపు ముందు విడత పని ముగిసి తీరాలి, అదే గడువు. ముగియకపోతే ధ్వని అక్కడ తెగుతుంది. లినక్స్ వాడేవాళ్లు దీన్ని ఎక్స్‌రన్ అంటారు. అందువల్ల ప్రాసెసరు సగటున ఎంత వేగంగా పనిచేస్తుందన్నది ఇక్కడ లెక్కకు రాదు, గంట మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమైన ఆ ఒక్క క్షణమే లెక్కకు వస్తుంది. లక్ష రూపాయల కంప్యూటరు చిటపటలాడుతుంటే పక్కింటి పాత లాప్‌టాప్ చక్కగా రికార్డు చేయడం నువ్వూ చూసే ఉంటావు.

అలాగని బఫర్‌ను అతి చిన్నదిగా పెట్టాలని పట్టుబట్టకు. గాలిలో ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కచేరీలో గాయకుడికి మూడు మీటర్ల దూరంలో మృదంగం ఉంటే ఆ దెబ్బ ఆయన చెవికి చేరేసరికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది, అయినా తాళం తప్పడం లేదు కదా. వాద్యకారులకు 128 గాని 256 గాని చాలు. గాయకుల సంగతి వేరు; తమ గొంతు తమకు ఎముకల ద్వారా ముందే వినిపిస్తుంది కాబట్టి హెడ్‌ఫోనులో కొద్దిపాటి ఆలస్యమైనా గొంతు డొల్లగా తోచి చిరాకు పడతారు. వారికి ఇంటర్‌ఫేస్ మీదే ఉండే, మైకు ధ్వనిని నేరుగా హెడ్‌ఫోనుకు పంపే డైరెక్ట్ మానిటరింగ్ మీట వేసి, కంప్యూటరు గుండా వచ్చే గొంతును ఆపెయ్యి. మిక్సింగ్‌లో మాత్రం 1024 పెట్టి నిశ్చింతగా పనిచేసుకో.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక. నీ పని కాంటాక్ట్ లైబ్రరీల (వాద్యధ్వనుల సంపుటాల) మీదో, డాంగిల్ (యూఎస్‌బీ తాళం) రక్షణ ఉన్న ప్లగిన్ల (రికార్డింగు ప్రోగ్రాముకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) మీదో ఆధారపడి ఉంటే విండోస్ వదలవద్దు, లినక్స్‌లో వాటితో పడే తిప్పలకు నీ జీవితకాలం చాలదు. అప్పుడు చేయవలసింది తక్కువే: ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో (తక్కువ ఆలస్యంతో ధ్వనిని చేరవేసే) డ్రైవరే వాడు, డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్‌లోకి (మైక్రోసాఫ్ట్ ఇంటర్‌నెట్ నిల్వలోకి) పోకుండా ఆపు, పాటలున్న డ్రైవును సెర్చ్ ఇండెక్సింగ్ నుంచి తప్పించు, మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే డయాగ్నస్టిక్ డేటాను తప్పనిసరి స్థాయికి తగ్గించు. హోమ్, ప్రో రకాలలో ఆ తప్పనిసరి భాగాన్ని పూర్తిగా ఆపడానికి వీలులేదన్నది తెలిసే వాడు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక దాని మీద కొత్తగా ఏదీ కట్టవద్దు.

కాని నువ్వు చేసేది ఎక్కువగా మైకు పెట్టి వాద్యాలనూ గొంతులనూ పట్టడం. దానికి నేను లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ చెబుతాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 6.12 ఉంది, సంవత్సరాల తరబడి వేరుగా అతికించుకోవలసి వచ్చిన రియల్‌టైమ్ (పని గడువులోపే అయ్యేలా చూసే) మార్పులు అసలు కెర్నల్‌లో కలిసింది ఆ సంఖ్యతోనే, 2024లో. రికార్డింగుకు ఆర్డోర్ అనే ప్రోగ్రాము ఉంది, అలాంటిదే అయిన రీపర్‌కు కూడా లినక్స్ రూపం ఉంది. అన్నీ అమర్చి ఇచ్చిన లినక్స్ కావాలంటే ఉబుంటు స్టూడియో ఉంది, మంచిదే. కాని వడ్డించిన విస్తరిలో మనం అడగనివి కూడా ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టడం కంటే కావలసినవే వండుకోవడం నాకు తేలిక.

డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మూడు చోట్ల ఆగి ఆలోచించు. మొదటిది వాడుకరి పేరు. అక్కడ నీ పూర్తి పేరు, ఊరు పెట్టకుండా ‘స్టూడియో’ వంటి మామూలు మాట పెట్టు. ఆ పేరు నీ ఫోల్డరు దారిలో భాగమవుతుంది, ఆ దారి చాలాసార్లు ప్రాజెక్టు ఫైళ్లలో చేరిపోతుంది, ఆ ఫైళ్లు ఎందరి చేతుల్లోకో వెళతాయి. రెండవది డిస్కు విభజన. మొత్తం డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డు లేనిదే ఎవరూ చదవలేకుండా చేసే, ఎంపికనే తీసుకో. ఎన్‌క్రిప్షన్ వల్ల రికార్డింగు నెమ్మదిస్తుందని నీకు ఎవరో చెప్పారని రాశావు. లెక్క వేసి చూడు. 24 బిట్లలో ఒక ట్రాక్ సెకనుకు 1,44,000 బైట్లు రాస్తుంది. ఎనిమిది ట్రాకులు ఒకేసారి పట్టినా సెకనుకు ఒక మెగాబైటుకు కాస్త పైన. ఎన్‌క్రిప్షన్ లెక్కలను నేరుగా చేసే ఏర్పాటు ఈ కాలపు ప్రాసెసర్లలోనే ఉంది, వాటికి ఇది పిచ్చుక బరువు కూడా కాదు. మూడవది, ఏయే ప్యాకేజీలు వాడుతున్నావో లెక్కల కోసం పంపమంటావా అని అడుగుతుంది. ముందే ‘వద్దు’ అని ఉంటుంది, అలాగే ఉంచు.

ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డుగా నోటికొచ్చిన శతక పద్యపాదం పెట్టవద్దు, అది నీకు వచ్చినట్టే ఊరందరికీ వచ్చు. ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టు, ఎందుకంటే కంప్యూటరు పైకి లేచే ఆ తొలి తెరలో తెలుగు కీబోర్డు పనిచేయదు. దాన్ని కాగితం మీద రాసి మీ అమ్మ బీరువాలో పెట్టమను. అది మరిచిపోతే పాటలను ఎవరూ, నేనైనా సరే, వెనక్కి తీయలేం. ఇంకొక మాట: లాప్‌టాప్ మూత మూసి నిద్రపుచ్చినప్పుడు ఎన్‌క్రిప్షన్ తాళంచెవి మెమరీలోనే ఉండిపోతుంది. బస్సెక్కేముందు పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి.

తరువాత రియల్‌టైమ్ అనుమతి. మామూలు వాడుకరి నడిపే ప్రోగ్రాముకు ‘నా పని ముందు చెయ్యి’ అని కెర్నల్‌ను అడిగే హక్కు పూర్తిగా ఉండదు. జాక్ అనే ఆడియో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇవ్వమంటావా అని డెబియనే అడుగుతుంది. అవునని చెప్పి, నీ వాడుకరిని ఆడియో గ్రూపులో చేర్చి, ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అవ్వు. ఆ లాగిన్ మరిచిపోయి ఏమీ మారలేదని వాపోయేవారే ఎక్కువ. ప్రాసెసరు వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టు, చార్జరు తగిలించే ఉంచు. చాలామందికి ఇంతటితో పని జరిగిపోతుంది, ప్రత్యేక రియల్‌టైమ్ కెర్నల్ ప్యాకేజీ దాకా వెళ్లే అవసరమే రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆర్డోర్ తెరిచినప్పుడు ఏ ఆడియో వ్యవస్థ ద్వారా పనిచేయాలని అడుగుతుంది. పైప్‌వైర్ అనే వ్యవస్థ ద్వారా వెళితే అన్ని ప్రోగ్రాముల ధ్వనులూ ఒకచోట కలుస్తాయి. అది సౌకర్యమే, బ్రౌజరులో పాట వింటూ వాయించవచ్చు. కాని రికార్డింగు రోజున, పరికరంతో నేరుగా మాట్లాడే అల్సాను ఎంచుకుని నీ ఇంటర్‌ఫేస్‌ను నేరుగా ఆర్డోర్‌కే అప్పగించు. అప్పుడు ఆ ఇంటర్‌ఫేస్ దాని ఒక్కదానిదే. మెసేజి వచ్చిన ‘టింగ్’ గాయకుడి హెడ్‌ఫోనులో మోగదు, గడువు మధ్యలో మరో ప్రోగ్రాము దూరదు, ఆర్డోర్ తెరిచి ఉన్నంతసేపు వేరే ఏ ప్రోగ్రామూ ఆ మైకును వినలేదు. లినక్స్ డెస్క్‌టాపులో మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ఏ ప్రోగ్రామైనా నిన్ను అడగకుండానే మైకు తెరవగలదని చాలామందికి తెలియదు. విడిగా పెట్టెలో పెట్టినట్టుండే ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములకు కూడా, శబ్దం వినిపించే అనుమతి ఇస్తే చాలాసార్లు దానితోపాటే మైకు అనుమతీ వెళ్లిపోతుంది. పని అయిపోయాక ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ వైరు పీకి పక్కన పెట్టు. దానికి మించిన తాళం నాకు తెలియదు.

ఇదే చూపుతో మిగిలినవి కూడా చూసుకో. డెస్క్‌టాపు ఫైల్ ఇండెక్సర్, కేడీఈ అనే డెస్క్‌టాపులో దాని పేరు బలూ, కొత్త ఫైలు కనబడగానే చదివి జాబితా రాసుకుంటుంది. డిస్కు దానికి పనిచేస్తుంది, నీ దగ్గర ఏయే పాటలున్నాయో ఒక పట్టికా తయారవుతుంది. దాన్ని ఆపెయ్యి. బ్లూటూత్ ఆపెయ్యి. రికార్డింగు వేళ వైఫై ఆపెయ్యి; కొన్ని వైఫై కార్డుల డ్రైవర్లు గడువు తప్పించడంలో పేరుమోసినవి. బ్రౌజరు, మెయిలు, బ్యాంకు పనులకు వేరే వాడుకరి ఖాతా పెట్టుకో, వీలైతే వేరే పాత లాప్‌టాపే పెట్టుకో.

చిటపటలు లేని ధ్వని, పాటల భద్రత రెండూ ఒకదానితో ఒకటి తగవుపడే చోట్లు కూడా లేకపోలేదు. ప్రాసెసరులో బయటపడిన భద్రతా లోపాలకు కెర్నల్ వేసిన అడ్డుకట్టలు తీసేస్తే కాస్త వేగం పెరుగుతుందని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. ఆ మాట వినవద్దు. ఆ కాస్త వేగం బఫర్‌ను ఒక మెట్టు పెంచితే వచ్చేస్తుంది. అప్‌డేట్లను తనంతట తాను వేసుకోకుండా ఆపు, కాని మానెయ్యకు. నేను ఆదివారం ఉదయం, ఏ పనీ మధ్యలో లేనప్పుడు, బ్యాకప్ తీసుకున్న తరువాత వేస్తాను. ఆ బ్యాకప్ డిస్కు కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి.

దొంగ ప్లగిన్ల గురించి రాయనా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మన ఇంటి స్టూడియోలలో అది మామూలైపోయిందని నాకు తెలుసు. తాళం పగలగొట్టి ఇచ్చినవాడు లోపల ఇంకేం పెట్టాడో నీకు తెలియదు, పైగా దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి వైరస్ స్కానరు ఆపమంటాడు. ఒక పక్క డిస్కుకు తాళం వేసి ఇంకొక పక్క దొడ్డితలుపు తీసి ఉంచినట్టు అవుతుంది. సర్జ్ ఎక్స్‌టీ వంటి ఉచిత సింథసైజర్లు ఉన్నాయి. స్వరాల కొలతలు రాసి ఉండే స్కేలా ఫైళ్లతో దాని స్వరస్థానాలను మనకు కావలసిన శ్రుతులకు మార్చుకోవచ్చు కూడా. చేతిలో డబ్బున్నప్పుడు ఒక్కటొక్కటిగా కొనుక్కో.

ఫైలు బయటికి ఇచ్చేటప్పుడు వేవ్ ఫైలు శీర్షభాగంలో ఏ ప్రోగ్రాముతో, ఏ తేదీన, ఏ సమయానికి చేశావో రాసి ఉండవచ్చునని గుర్తుంచుకో. పోటీగా ఇద్దరికి ట్రాకులు పాడించే రోజుల్లో ఆ తేదీలే గొడవ తెచ్చిపెడతాయి. పంపేముందు ఒకసారి చూసి, అక్కరలేనిది తీసేసి పంపు.

అన్నీ అమర్చాక మైకు ముందు ఎవరినీ కూర్చోబెట్టకుండా, బఫర్ 128లో, ఎనిమిది ట్రాకులూ తెరిచి, ఒక గంటసేపు ఉత్త గదిని రికార్డు చెయ్యి. ఆర్డోర్ పైభాగంలో ఎక్స్‌రన్ల సంఖ్య కనబడుతుంది. సున్నా ఉంటే ఆ అమ్మాయిని మళ్లీ పిలిచి ఆలాపన చివరి భాగం పట్టు. సున్నా కాకపోతే ఇప్పుడు చెప్పినవన్నీ ఒకేసారి మార్చకుండా, ఒక్కటి మార్చి గంట, ఇంకొకటి మార్చి గంట చొప్పున పట్టి, ఏది మారిస్తే ఎంత తగ్గిందో నోటు పుస్తకంలో రాసిపెట్టు. ఆదివారం ఫోను చేసినప్పుడు ఆ అంకెలు చదివి వినిపించు.

నీ మామయ్య