సెకండ్ అప్పీల్‌కి వెళ్తే సాక్షుల్ని మళ్ళీ పిలుస్తారా?

ప్రశ్న: లాయర్ గారూ, మా సాగులో ఉన్న ఎకరంన్నర పొలం తనదని, ఖాళీ చేయించమని పక్క రైతు కేసు వేశాడు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడిపోయాం, అప్పీల్‌కి వెళ్తే అక్కడా అదే తీర్పు. వాళ్ళ సాక్షులు పచ్చి అబద్ధాలు చెప్పారండీ. హైకోర్టుకి వెళ్తే వాళ్ళని మళ్ళీ పిలిచి అడుగుతారా? ఈమధ్య మా తాత పేరుమీద శిస్తు రసీదులు దొరికాయి, పెట్టొచ్చా?

జవాబు: పిలవరండీ. మీ బాధ అర్థమైంది కానీ ఈ మాట ముందే చెప్పకపోతే మీ డబ్బు వృథా అవుతుంది. మొదటి అప్పీల్లో సాక్ష్యాలు, చట్టం రెండూ చూస్తారు, ఆ అవకాశం మీకు అయిపోయింది. ఇప్పుడు మీరు వెళ్ళేది సెకండ్ అప్పీల్, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద, అందులో ముఖ్యమైన న్యాయప్రశ్న (అంటే చట్టం విషయంలో తేల్చాల్సిన ప్రశ్న) ఉంటేనే హైకోర్టు ఫైల్‌లోకి తీసుకుంటుంది, ఎవరి సాక్షి నిజం చెప్పాడు అనేదాన్లోకి మామూలుగా వెళ్ళదు.

అందుకని రెండు తీర్పులూ దగ్గర పెట్టుకుని ఒక్కటే వెతకండి, ఏ ఆధారంతో పొలం ఆయనదని తేల్చారు? రిజిస్టర్ కాని అమ్మకం కాగితం ఒక్కటే చూసి హక్కు ఇచ్చేశారా, లేక రికార్డులో ఉన్న మీ రిజిస్టర్డ్ దస్తావేజు ఊసే ఎత్తకుండా తీర్పు రాశారా, అలాంటిది దొరికితే మీకు గట్టి పాయింట్ ఉన్నట్టే. "సాక్షిని నమ్మకూడదు" అనేదొక్కటే మిగిలితే మాత్రం నేనైతే వెళ్ళమని చెప్పను.

రసీదుల సంగతికొస్తే, ఎంత ప్రయత్నించినా అప్పట్లో దొరకలేదని కోర్టుని ఒప్పించాలి (అదే కోడ్‌లో ఆర్డర్ 41 రూల్ 27), ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నాయంటే కష్టం. పైగా శిస్తు కట్టినంత మాత్రాన హక్కు రాదు.

సెకండ్ అప్పీల్ వేయడానికి గడువు మొదటి అప్పీల్ కోర్టు డిక్రీ (తీర్పు ప్రకారం ఇచ్చే ఆదేశం) తేదీ నుంచి 90 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన టైము అందులోంచి తీసేస్తారు కాబట్టి కాపీకి వెంటనే అప్లై చేయండి, గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపిస్తూ వేరే పిటిషన్ వేయాల్సొస్తుంది.

ఇంకోటి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే: అప్పీల్ వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. అవతలివాళ్ళు ఈపీ (డిక్రీని అమలు చేయించమని వేసే పిటిషన్) వేసి పొలం స్వాధీనం చేసుకోవచ్చు, కాబట్టి అప్పీల్‌తో పాటే స్టే పిటిషన్ కూడా వేయమని మీ లాయర్‌కి చెప్పండి.