సీతాఫలాల పేజీ ఎక్కడమ్మా?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ అరకు యాత్ర నలభై పేజీలూ చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోజనమయ్యాక చదువుతూ నిద్రపోయాను. అది నా వయసు తప్పేమోనని రాత్రి మళ్లీ కూర్చున్నాను. భాష బాగుంది. మంచు, లోయ, కాఫీ తోటలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు అన్నీ చక్కగా ఉన్నాయి. కానీ నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి ఒకటుంది చూడు. అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన సీతాఫలాల బుట్ట పెట్టుకు కూర్చున్న ముసలామె మూడొందలు చెప్తే నూటయాభైకి దింపావనీ, కారెక్కాక సిగ్గేసి ఆ పళ్లు నోట్లో పెట్టుకోలేకపోయాననీ అన్నావే. అది నలభై పేజీల్లో ఎక్కడా లేదు.

ఎందుకు తీసేశావో నాకు తెలుసులే. చదివేవాళ్లు ఏమనుకుంటారో అని. నీ పుస్తకంలో నువ్వు ఒక్కచోట కూడా తప్పు చేయలేదమ్మా. అందుకే నాకు నిద్రొచ్చింది.

నీకు అమేలియా ఎడ్వర్డ్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి గురించి చెప్పాలి. 1831 జూన్ 7న లండన్‌లో పుట్టింది. (మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. అంటే ఆవిడ పుట్టినప్పుడు ఈయన దారిలో ఉన్నారన్నమాట. దీనికి అర్థమేమీ లేదు, నాకు ముచ్చటేసింది, అంతే.) ఏడేళ్లకే పద్యం అచ్చయింది. 1855లో మొదటి నవల వచ్చింది. 1864లో వచ్చిన 'బార్బరాస్ హిస్టరీ' మంచి పేరు తెచ్చింది. నవలాకారుడు డికెన్స్ నడిపిన పత్రికకు దయ్యాల కథలు కూడా రాసింది. పెళ్లి చేసుకోలేదు, కలం మీదే బతికింది. 1872లో లూసీ రెన్షా అనే స్నేహితురాలితో కలిసి ఇటలీ ఉత్తరాన డోలమైట్ కొండల్లో తిరిగింది. సరైన రోడ్లు లేవు, గుర్రాలకు వేసే ఆడవాళ్ల జీను కూడా అక్కడ దొరకడం కష్టం. ఆ మరుసటి ఏడు ఆ యాత్ర పుస్తకమైంది.

ఈజిప్టుకు మాత్రం ఏ ఆశయంతోనూ వెళ్లలేదు. ఫ్రాన్స్‌లో బొమ్మలు గీసుకుందామని వెళ్తే ఒకటే వాన. ఆ వాన భరించలేక, ఎండ ఎక్కడుంటే అక్కడికి పోదామని 1873 నవంబర్ ఆఖరుకు కైరోలో తేలింది. ఈ మాట ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకంలో తనే చెప్పుకుంది. నీలాంటి వాళ్లయితే అక్కడ 'చిన్నప్పటి నుంచీ నాకు పిరమిడ్లంటే ప్రాణం' అని ఒక పేరా వేసేవాళ్లు.

దహబియా అనే పెద్ద తెరచాప పడవ మాట్లాడుకుని నైలు మీద ఎగువకు వెళ్లారు. పడవ పేరు 'ఫిలే'. అందులోని వాళ్లకు ఆవిడ పుస్తకంలో పేర్లుండవు. ఒకాయన 'చిత్రకారుడు', ఇంకొకాయన 'సోమరి మనిషి', ఒక కొత్త జంట ఉంది, వాళ్లు 'సంతోషపు జంట'. తనను తాను కూడా అక్కడక్కడ 'రచయిత్రి' అని పరాయి మనిషిలా చెప్పుకుంటుంది. ఇరవై ఏళ్లు నవలలు రాసిన చెయ్యి కదా. తనూ ఒక పాత్రే అయింది కాబట్టి తన మీద తనే నవ్వగలిగింది. నీ 'నేను'కు ఆ అదృష్టం పట్టలేదు. అది కొండ మీద నిలబడి ఎప్పుడు చూసినా పరవశించిపోతూ ఉంటుంది.

1874 జనవరి 31 రాత్రి అబూ సింబెల్ అనే పాత గుడి దగ్గరికి చేరి, ఫిబ్రవరి 18న అక్కణ్ణుంచి బయల్దేరారు. కొండను తొలిచి చేసిన రామ్‌సేస్ అనే ఈజిప్టు రాజు విగ్రహాలు నాలుగు అక్కడ. వాటిలో ఉత్తరపు చివరిదాని ముఖం నిండా తెల్లటి మచ్చలు. ఎవరో యాభై ఏళ్ల కిందట ఆ ముఖానికి అచ్చు తీసుకుని, అంటుకున్న ప్లాస్టర్ శుభ్రం చేయకుండా వెళ్లిపోయారు. ఈవిడ పడవవాళ్ల చేత తెడ్లూ కర్రలూ కట్టించి, వాళ్లను పైకెక్కించి ప్లాస్టర్ గీకించింది. గీకినా తెలుపు పోకపోతే కాఫీ కాయించింది. కర్రల చివర స్పాంజి కట్టి, కాఫీలో ముంచి, రామ్‌సేస్ బుగ్గలకు రాయించింది! నోరే మూడున్నర అడుగులున్న అతిథికి కాఫీ ఇవ్వాల్సి రావడం వంటవాడికి అదే మొదటిసారట. ఈ రోజున ఎవరైనా ఆ పని చేస్తే పోలీసులు పట్టుకుపోతారు. ఆవిడ ఆ సంగతి దాచలేదు, సమర్థించుకోనూ లేదు. చూసింది చూసినట్టు, కుర్రాళ్లు ఆ ముఖం మీద చీమల్లా పాకడం దగ్గర్నుంచి రాసింది.

నాకు అంతకంటే ఇష్టమైన చోటు లక్సర్ దగ్గర వస్తుంది. పురాతన వస్తువులు దొంగచాటుగా అమ్మేవాళ్లు, కొనే టూరిస్టులు. అది నేరమని అందరికీ తెలుసు. నేరం కావడం వల్లే ఆ వేట ఇంకా మజాగా ఉందేమోనని ఒప్పేసుకుంటుంది. ఒక మమ్మీ, ఒక పపైరస్ (ఆ కాలపు రెల్లు కాగితం) చుట్ట బేరానికొచ్చాయి. వాటి మీద ఈవిడకూ కన్నుంది. కానీ వెనకే ఇంకో పడవలో వస్తున్న ఆడవాళ్లు బోలెడు డబ్బు పోసి ఎగరేసుకుపోయారు. తీరా ఆ మమ్మీ వాసన భరించలేక వారం తిరిగేసరికి దాన్ని నైల్లో పడేశారు. ఆ వాక్యం చదివితే నవ్వొస్తుంది, ఆ వెంటనే కడుపులో ఏదోలా అవుతుంది. చూడు, 1882లో ఈజిప్టు శిథిలాలను కాపాడటానికి ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ పెట్టడంలో ముందు నిలబడింది ఈవిడే. నవలలు కూడా పక్కన పెట్టేసింది. 1892లో పోతూ పోతూ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఈజిప్టు పురావస్తు శాస్త్రానికి, ప్రాచీన భాషకు ఒక ప్రొఫెసర్ పదవి పెట్టమని డబ్బు రాసిచ్చింది. మమ్మీ బేరం పేజీ లేకపోతే ఇదంతా వట్టి శిలాఫలకం.

అలాగని ఆవిడను నెత్తిన పెట్టుకోకు. పడవలో లూసీ పనమ్మాయి జెన్నీ లేన్ కూడా ఉంది. పుస్తకంలో వెతికితే ఆ పిల్ల దాదాపు కనబడదు. ఆ పిల్ల మాత్రం రోజూ డైరీ రాసుకుంది, అది ఈనాటికీ ఉంది. ఇప్పుడు నీ నలభై పేజీలు తియ్యి. మూడు రోజులు మిమ్మల్ని తిప్పిన డ్రైవర్ ఎక్కడున్నాడు? 'కారు మలుపు తిరిగింది' అన్నావు. కారు దానంతటది తిరగదమ్మా.

ఇంకొకటి. వచ్చిన పదో రోజుకే రాసేశానని సంబరంగా చెప్పావు. నేనూ ఆ రకమే. కాశీ నుంచి వచ్చిన వారానికే ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. అందులో ఘాట్ మెట్ల మీద కూర్చుని గంగలో మునిగిపోతున్న సూర్యుణ్ణి చూసినట్టు ఒకటిన్నర పేరా వర్ణన. అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు: 'అమ్మా, కాశీ ఘాట్లు తూర్పు ముఖం. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక మేడల మీదుగా దిగుతాడు.' నేను చూసింది తెల్లవారుజాము. వాక్యం అందం కోసం సాయంత్రం చేశాను. ఆ కార్డు ఇంకా నా బీరువాలో ఉంది. అమేలియా అలా తొందరపడలేదు. తిరిగొచ్చి రెండేళ్లకు పైగా చదివింది, చిత్రలిపి నేర్చుకుంది, తెలియనిది తెలిసినవాళ్లను అడిగింది. ఆ నైలు పుస్తకం 'ఎ థౌజండ్ మైల్స్ అప్ ది నైల్' 1877 తేదీతో వచ్చింది. నిన్ను రెండేళ్లు ఆగమనను, నేనే అంతకాలం ఉంటానో లేదో. సంక్రాంతి దాకా ఆగు, చాలు. బొర్రా గుహల గురించి రాసిన మూడు పేజీలు బోర్డు మీద చదివి రాసినట్టున్నాయి, అవి తీసేయ్.

ముసలామె సంగతి రాసేటప్పుడు క్షమాపణలు పెట్టకు. 'ఆ రోజు నాకు జ్ఞానోదయమైంది' అని ముగించావంటే నా దగ్గరికి రాకు. ఆమె చేతి మీద పచ్చబొట్టు ఉందన్నావుగా, డబ్బు లెక్కపెట్టకుండా కొంగున ముడేసుకుందన్నావు. అంతవరకు రాసి, కారు తలుపు వెయ్యి.

వచ్చే నెల నాకు కంటి శుక్లం ఆపరేషన్. డాక్టర్ నెలరోజులు చదవొద్దన్నాడు, నేను వారం అనుకుంటున్నాను. ఈసారి అక్షరాలు పెద్దవిగా ప్రింట్ తీయించు. డ్రైవర్‌కి ఫోన్ చేసి ఊరూ పేరూ కనుక్కున్నాకే పంపు. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ లాంటి
టీచరమ్మ