సీసం మరగదండీ, కరుగుతుంది

సందేహం: సీసం కరిగించే కరెంటు పాత్ర సరిగ్గా పనిచేయకపోతే ఏమేం చూసుకోవాలో తెలుగులో ఒక పేజీ సూచనలు రాస్తున్నాను. "పాత్ర సరిగ్గా మరగడం లేదా? తాపన మూలకాన్ని పరీక్షించండి" అని మొదలుపెట్టాను. చదివినవాళ్లలో ఒకరు మరగడం కాదు కాగడం అనాలన్నారు, ఇంకొకరు వేడెక్కడం అంటే చాలన్నారు. ఏది సరైనది?

సమాధానం: ముందు మరగడం సంగతి తేల్చేద్దాం. మరగడమంటే ద్రవం బుడగలు కక్కుతూ ఆవిరైపోయే స్థితి. సీసం కరిగేది సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరగాలంటే మాత్రం 1,700 డిగ్రీలు దాటాలి. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇనప పాత్రలో సీసం మరిగేలోపు పాత్రే నీరైపోతుంది! కథలోనో పద్యంలోనో "సలసల మరిగే సీసం" అంటే ఎవరూ తప్పుపట్టరు, కానీ మీ సూచనలు చదివేవాడు బుడగలు ఎప్పుడొస్తాయా అని చూస్తూ నాబ్ ఇంకా ఇంకా తిప్పుతాడు, సీసం అవసరానికి మించి వేడెక్కేకొద్దీ దాని పొగతో ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఈ మాట వెంటనే తీసేయండి.

ఇక కాగడం. తెలుగులో ద్రవాలు కాగుతాయి, గట్టి వస్తువులు కాలుతాయి. నీళ్లు కాగాయి, నూనె కాగింది అంటాం గానీ పెనం కాగింది అనం, పెనం కాలింది అంటాం. ఇస్త్రీపెట్టె కాలిందా అని అడుగుతాం. ఈ లెక్కన కరెంటు పెట్టగానే పాత్ర కాలుతుంది, లోపలి సీసం ముక్కలు వేడెక్కుతాయి, కరుగుతాయి, కరిగాక ఆ సీసం కాగుతుంది. అంటే మీ మిత్రులిద్దరూ చెప్పింది నిజమే, కాకపోతే చెరొక దశ గురించి చెప్పారు. వేడెక్కడం అన్న మాట పాత్రకీ సీసానికీ రెండింటికీ నప్పుతుంది కాబట్టి ఎక్కడ అనుమానం వస్తే అక్కడ అదే వాడుకోండి.

కాలడం దగ్గర ఒక చిక్కుంది, మరమ్మతు రాతల్లో ఇది చాలా ముఖ్యం. పాత్రను వేడిచేసే తీగచుట్టనే కాయిల్ అంటారు. "కాయిల్ కాలింది" అంటే వేడెక్కి పనిచేస్తోందని. "కాయిల్ కాలిపోయింది" అంటే ఇక పనికిరాదని. మధ్యలో చేరిన ఆ "పోయి" ఒక్కటే బాగున్న కాయిల్‌ని పాడైన కాయిల్‌గా మార్చేసింది. "సీసం కరిగింది" అంటే పని జరిగింది, "వైరు కరిగిపోయింది" అంటే కొంప మునిగింది. మరి "పెనం కాలిపోతోంది, ముట్టుకోకు", "జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది" అంటాం కదా అని మీరు అడగొచ్చు. అక్కడ జరుగుతున్న పని చెబుతున్నాం కాబట్టి ఆ పోవడం వేడి తీవ్రతను చూపిస్తుంది, పని పూర్తయ్యాక చెబితే నష్టాన్ని చూపిస్తుంది. ఒకసారి ఫోన్లో ఒకాయన "ఇస్త్రీపెట్టె కాలిందండీ" అన్నప్పుడు నేను "అయ్యో, కొత్తది కొంటారా" అన్నాను, ఆయనేమో బట్టలు తెమ్మని చెబుతున్నారు. ఎదురుగా ఉంటే గొంతును బట్టి అర్థమయ్యేది, కాగితం మీద గొంతు ఉండదు. అందుకే "కాయిల్ తెగిందేమో చూడండి" అని రాయండి, "కాలిందేమో" అని రాయకండి.

తాపన మూలకం అసలు వద్దు. మూలకం అంటే సీసం, ఇనుము, బంగారం లాంటివి, రసాయనశాస్త్రంలో ఆ మాట ఎప్పుడో స్థిరపడిపోయింది. సీసం గురించి రాస్తున్న పేజీలో "మూలకం పాడైంది" అంటే సీసమే చెడిపోయిందని అనుకోరూ? రిపేరు చేసే ఎవరిని అడిగినా కాయిల్ అనో ఎలిమెంట్ అనో అంటారు, మీరూ అదే అనండి.

"సరిగ్గా" అన్న మాటతోనూ నాకు పేచీ ఉంది. ఎక్కడ లోపమో అది చెప్పదు. అసలు వేడెక్కకపోవడం వేరు, వేడి చాలకపోవడం వేరు, వేడి నిలవకపోవడం వేరు. అసలు వేడెక్కడం లేదంటే ప్లగ్గు, ఫ్యూజు, వైరు, తెగిన కాయిల్ చూసుకోవాలి, అదీ ప్లగ్గు పీకి పాత్ర పూర్తిగా చల్లారాకే. వేడి చాలడం లేదంటే ముందు కరెంటు వైపు చూడాలి. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దాంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది, వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు పైగా పడిపోతుంది, సగమైతే వేడి నాలుగో వంతే మిగులుతుంది. సన్నని, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరులో వోల్టేజీ పడిపోతుంది, అది పెట్టి పాత్రను తిట్టుకునేవాళ్లు అందుకే ఉంటారు. వేడి నిలవడం లేదంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కరెంటును ముందే ఆపేస్తుండొచ్చు, ఫ్యాను గాలి నేరుగా తగులుతుండొచ్చు. ఇంకొకటుంది, పాత్ర బాగానే కాలుతుంది గానీ ముక్కలు ఎంతకీ కరగవు. గట్టి ముక్కలు పాత్ర గోడకు ఏ రెండు మూడు చోట్లో ఆనుకుని ఉంటాయి, మధ్యలో అంతా గాలి, ఆ గాలిలోంచి వేడి త్వరగా అందదు. కిందటిసారి మిగిలిన సీసం అడుగున కొంచెం ఉంచేస్తే అది ముందు కరిగి ముక్కలను చుట్టేసి వేడి అందిస్తుంది. దీనికి "వేడి అందడం లేదు" అన్నదే చక్కటి మాట, ఎంత తేలిగ్గా ఉందో చూడండి.

కరిగిన సీసం మీద బూడిదరంగులో కట్టేదాన్ని మడ్డి అనకండి. మడ్డి అడుగున చేరేది, పైన తేలేది తెట్టు. "తెట్టు తీసేయండి" అంటే గరిటె ఎక్కడ పెట్టాలో ఆ మాటే చెబుతుంది.

కాబట్టి మీ మొదటి వాక్యం ఇలా మార్చుకోవచ్చు: "పాత్ర అసలు వేడెక్కడం లేదా, వేడెక్కినా సీసం కరగడం లేదా?" కాయిల్ సంగతి రెండో వాక్యంలో చెప్పొచ్చు. దానికి ముందే, పేజీ మొదట్లోనే, ఒక హెచ్చరిక ఉండాలి. "తగిన జాగ్రత్తలు వహించండి" అని మాత్రం రాయకండి, అది చదివి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా సీసం పైకి చిమ్ముతుంది. తడి ముక్కలు, తడి గరిటె పెట్టకండి. గాలి ఆడే చోట చేయండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి" అని రాయండి. అక్కడ "చిందుతుంది" అన్నా చాలదు. చిందడమంటే అంచు దాటి ఒలకడం, చిమ్మడమంటే మొహం మీదికి రావడం.