క్షితిజాల కలయిక అంటే ఏకాభిప్రాయం కాదు

సంస్కృతుల మధ్య సంభాషణ గురించి రాసిన రాజకీయ తత్వవేత్త ఫ్రెడ్ డాల్‌మయర్ మీద మీ థీసిస్‌లో రాసిన అధ్యాయంలో ‘క్షితిజాల కలయిక’ (ఫ్యూజన్ ఆఫ్ హొరైజన్స్: మన చూపు పరిధీ, అవతలివాళ్ల చూపు పరిధీ కలిసి విశాలం కావడం) దగ్గర గైడ్ ఎర్రగీత పెట్టారన్నారు. ఆ మాటను మీరు ‘చివరికి రెండు సంస్కృతులూ ఒప్పుకోవడం’ అని రాశారు, చిక్కంతా అక్కడే ఉంది.

1. ముందు ఈ మాటకు మూలమైన జర్మన్ తత్వవేత్త గాడమర్ దగ్గరికి వెళ్లండి (ట్రూత్ అండ్ మెథడ్, 1960). ఆయన చెప్పింది అర్థం చేసుకోవడం గురించి. అవతలివాళ్లతో ఏకీభవించకుండానే వాళ్లను అర్థం చేసుకోవచ్చు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: మీ ముందస్తు అభిప్రాయాన్ని కాగితం మీద పెట్టండి. ‘ధర్మం’ను మీరు ‘రెలిజియన్’ అని రాసుకుంటూ పోయారు. మన వీధిలో ‘ధర్మం చెయ్యండి బాబూ’ అని వినపడుతుంది కదా, అక్కడ ఆ అనువాదం నిలబడుతుందా? నిలబడని ఆ చోటే మీ అధ్యాయానికి అసలు సరుకు. ధర్మం అర్థం మారడంతో ఆగకండి, రెలిజియన్ అన్న మాట మీదే మీకు ఏ అనుమానం పుట్టిందో రాయండి. ప్రశ్న మనవైపు కూడా తిరగాలి. అది లేకపోతే సంభాషణే జరగనట్టు.

3. తర్వాత డాల్‌మయర్ బియాండ్ ఓరియంటలిజం (1996) మొదటి అధ్యాయం. జయించడం, మతం మార్చడం, కలిపేసుకోవడం లాంటి పద్ధతుల నుంచి సంభాషణను ఆయన వేరుచేసి చూపిస్తాడు. మీ ‘ఒప్పుకోవడం’ వీటిలో కలిపేసుకోవడానికి దగ్గరగా ఉంది.

4. ‘ఏకాభిప్రాయం’ అని రాసిన ప్రతిచోటా ‘తేడా నిలుస్తూనే అర్థం కావడం’ అని పెట్టి చదవండి. అతకని వాక్యాలను తిరగరాయండి.