పౌడర్ కెథీటర్ రెండో స్ప్రేకే మూసుకుపోతుంటే

తప్పు పౌడర్‌ది కాకపోవచ్చు, స్కోప్ (కడుపులోకి దింపే ఎండోస్కోప్ గొట్టం) ఛానల్‌లో, అంటే దాని లోపలి సన్నని దారిలో, మిగిలిన తడిది. పర్లాకిమిడిలో పంది జీర్ణాశయం మీద హీమోస్ప్రే (రక్తస్రావం ఆపడానికి చల్లే పౌడర్) పరీక్షిస్తుంటే కెథీటర్ (పౌడర్ వెళ్లే సన్నని గొట్టం) మూసుకుపోతోంది, పౌడర్ అంటుకోవడం లేదు అని మీరు రాశారు. ఆ పౌడర్ పనే నీటిని పీల్చి ముద్దకట్టడం. తడి చేత్తో ముగ్గు వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

1. అందరూ వదిలేసేది ఇదే: కెథీటర్ దూర్చేముందు 60 మి.లీ. ఖాళీ సిరంజితో ఛానల్‌లోకి గాలి కొట్టండి. ఒక్కసారి చాలదు, నీటి చుక్క రావడం ఆగేదాకా కొట్టాలి. మీ దగ్గర వానాకాలం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఇంకో రెండుసార్లు కొట్టినా నష్టం లేదు.

2. కెథీటర్ లోపల ఉండగా సక్షన్ (ద్రవాన్ని పైకి లాగే బటన్) నొక్కొద్దు. నొక్కితే రక్తం పైకొచ్చి కెథీటర్ కొసను తడిపేస్తుంది.

3. కొస జీర్ణాశయం గోడకు తగలకూడదు, 1-2 సెం.మీ. దూరంలో ఉంచి ఒకటి రెండు సెకన్ల చొప్పున కొట్టండి.

4. 10 ఫ్రెంచ్ (ఫ్రెంచ్ అంటే గొట్టం లావు కొలత) కెథీటర్‌కు 3.7 మి.మీ. ఛానల్ కావాలి. 2.8 దానికైతే 7 ఫ్రెంచ్.

అంటుకోకపోవడానికి కారణం వేరు. రక్తం కారని చోట పౌడర్ నిలవదు, రాలిపోతుంది. రక్తానికి బదులు రంగునీళ్లతో చేస్తున్నట్టయితే స్ప్రే చేయడం వస్తుందేమో గానీ, గడ్డకట్టడం గురించి ఏమీ తెలియదు. సన్నని ట్యూబుతో రక్తమే కారనిచ్చి చూడండి.