నాలుగు వందల దరఖాస్తులకు జవాబు రాలేదంటే లోపం అమ్మాయిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ పూర్తి చేసి ఎనిమిది నెలలైంది. ఆన్‌లైన్‌లో నాలుగు వందలకు పైగా దరఖాస్తులు వెళ్లాయి. రోజూ రాత్రి ఆమె లాగిన్‌తో నేనే కూర్చుని పంపుతున్నాను. ఇంటర్వ్యూ పిలుపులు మాత్రం రెండే. జాబ్ పోర్టల్‌లో డబ్బు కట్టి ప్రీమియం సభ్యత్వం తీసుకోవాలా, లేక మన తరఫున దరఖాస్తులన్నీ తానే పంపే ఏఐ టూల్ కొనాలా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీరు అడిగింది సభ్యత్వం గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వని సందేహం వేరే ఉంది. ఇంతమంది కాదన్నారంటే అమ్మాయికే ఏదో తక్కువైందేమో అని. ముందు దాని సంగతి చూద్దాం. ఆ నాలుగు వందల్లో చాలావాటిని ఎవరూ తెరిచి చూసి ఉండరు. చదవని దరఖాస్తు మీద తీర్పు ఉండదు.

ఒక్క నొక్కుతో దరఖాస్తు పంపే వీలు అందరికీ ఉన్నదే. ప్రకటన పడిన కొద్ది గంటల్లోనే వందలు వచ్చిపడతాయి. నియామకాలు చూసే మనిషి పైనుంచి చదువుకుంటూ పోయి, సరిపడా అభ్యర్థులు దొరకగానే ఆగిపోతాడు. పైగా కొన్ని ఖాళీలు అప్పటికే నిండిపోయినా ప్రకటన తీసేయరు. మరికొన్ని చోట్ల ఫారంలో అడిగే చిన్న ప్రశ్నలే వడపోత: అనుభవం ఎన్నేళ్లు, ఎప్పుడు చేరగలరు, ఫలానా సాఫ్ట్‌వేర్ వచ్చా? అక్కడ ఒక తప్పు జవాబు పడితే రెజ్యూమె ఎంత బాగున్నా ముందుకు కదలదు.

ఏఐ టూల్ మీద నాకున్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది. ఆ ప్రశ్నలకు అది ఊహించి జవాబులు నింపుతుంది. రాని సాఫ్ట్‌వేర్ వచ్చనీ, లేని అనుభవం ఉందనీ రాసినా మీకు తెలియదు. పేరులో ‘ఎగ్జిక్యూటివ్’ అని ఉంటే చాలు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నింటికీ దరఖాస్తు పెట్టేస్తుంది. తీరా ఎవరైనా ఫోను చేస్తే, అది ఏ కంపెనీయో, ఏ పనికో అమ్మాయికి గుర్తుండదు. ఆ తడబాటు అవతలివారికి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఇలాంటి ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ వాడకాన్ని, ఉద్యోగాలకూ వృత్తి పరిచయాలకూ వాడే వెబ్‌సైట్ లింక్డ్ఇన్ తన నిబంధనల్లోనే నిషేధించింది. ఖాతాకే ఎసరు రావచ్చు. వీటితో ఎవరికీ పిలుపు రాదని అనను, వస్తుంది. కానీ వందల మంది అవే టూళ్లతో అవే ప్రకటనల మీద పడటం వల్లే కదా కుప్ప ఇంత పెరిగింది! రెజ్యూమెలో భాష సరిదిద్దుకోవడానికి ఏఐని వాడుకోమనండి. పంపే పని మాత్రం దాని చేతికి ఇవ్వకండి.

మీ చేతికీ ఇవ్వకూడదు. కోపం తెచ్చుకోకండి, ఆ టూల్ చేసే పనే మీరు రాత్రిళ్లు చేస్తున్నారు. ఏ పని నచ్చుతుందో, ఏది చేయగలనో ఎంచుకునే అవకాశమే ఆమెకు లేకుండా పోయింది. తన పేరుతో ఎక్కడికి ఏం వెళ్లిందో ఆమెకే తెలియదు. పొద్దున లేవగానే ‘ఏమైనా వచ్చిందా’ అని కూడా మీరే అడుగుతూ ఉంటారు. ఈరోజే పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పండి. కొత్తది మీకు చెప్పనక్కర్లేదు.

ఇక ఆమె చేయవలసినవి. రెజ్యూమె పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి ఖాళీ నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడమనండి. వరుస తప్పినా, ఫోను నంబరు మాయమైనా, కంపెనీల సాఫ్ట్‌వేర్‌కూ దాదాపు అలాగే కనిపిస్తుంది. రెండు నిలువు వరుసల డిజైన్లు, టేబుళ్లు, బొమ్మలు తీసేస్తే సగం బాగుపడుతుంది. వెతికేటప్పుడు ఒక్క పేరుకే అతుక్కోకూడదు. ఒకచోట అకౌంట్స్ అసిస్టెంట్ అన్న పనినే ఇంకోచోట జూనియర్ అకౌంటెంట్ అనో, ఫైనాన్స్ అసోసియేట్ అనో పిలుస్తారు. ఆ పేర్లన్నిటికీ అలర్టులు పెట్టుకుని, గత 24 గంటల్లో పడిన ప్రకటనలే ముందు చూడాలి. నచ్చిన ఖాళీ ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనూ ఉందో లేదో చూసి, ఉంటే అక్కడే దరఖాస్తు చేయాలి. వారానికి ఐదారు చాలు, ప్రకటన పూర్తిగా చదివి పంపినవైతే.

మిగిలిన సమయం మనుషులకు కేటాయించాలి. సిఫారసు గురించి కాదు నేను చెప్పేది. 1973లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఒక వ్యాసం ప్రచురించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా అన్నవారు 16.7 శాతమే. మిగతావారంతా అప్పుడప్పుడనో, అరుదుగానో అన్నారు. దగ్గరివారికి తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే కదా, కొత్తవి దూరపు పరిచయాల నుంచే వస్తాయి. 2022లో సుమారు 2 కోట్ల మంది లింక్డ్ఇన్ సభ్యుల సమాచారంతో జరిగిన పరిశోధన కూడా మరీ దగ్గరివారికన్నా ఓ మోస్తరు పరిచయస్థులే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడతారని తేల్చింది. కాబట్టి అమ్మాయి తన కళాశాల సీనియర్లకు నాలుగు వాక్యాలు రాయాలి: మీ పని ఎలా ఉంటుంది, కొత్తవారిలో ఏం చూస్తారు అని. ఉద్యోగం ఇప్పించమని మొదటి సందేశంలోనే అడగకూడదు.

ప్రీమియం సంగతా? లింక్డ్ఇన్ లాంటి చోట అపరిచితులకు సందేశం పంపే వీలు, ప్రొఫైల్ ఎవరు చూశారో తెలియడం వంటివి వస్తాయి. సీనియర్లకు రాయడం అలవాటైతే కొంత ఉపయోగమే, లేకపోతే డబ్బు దండగ. ఉద్యోగం ఖాయం చేస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనేవారిని మాత్రం దగ్గరికే రానివ్వకండి.

ఆరు వారాలు ఇలా చేశాక కూడా పిలుపులు పెరగకపోతే, ఆమె రెజ్యూమె, పంపిన దరఖాస్తుల జాబితా కలిపి నాకు పంపండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయనివ్వండి.