అమ్మాయి ఉద్యోగం పోయింది, నిరుద్యోగ భృతి అడగమనవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. పదిహేను రోజుల క్రితం కంపెనీ చాలామందిని ఒకేసారి తీసేసింది, వాళ్లలో మా అమ్మాయీ ఉంది. అక్కడ నిరుద్యోగ భృతి ఇస్తారని తెలిసినవాళ్లు చెప్పారు. అమ్మాయి మాత్రం ‘ప్రభుత్వం ముందు చేయి చాచను, రేపు పౌరసత్వానికి కూడా అడ్డమవుతుంది’ అంటోంది. మేమేమో రెండు నెలలు ఇంటికి వచ్చి ఉండమంటున్నాం. మా అబ్బాయి టెక్సాస్‌లో హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్నాడు. వాడి కంపెనీలోనూ కోతలు ఉంటాయంటున్నారు. అలా జరిగితే వాడికీ ఈ భృతి వస్తుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు అమ్మాయికి ఫోన్ చేసి, ఈ వారంలోనే దరఖాస్తు పెట్టమని చెప్పండి. మిగతాది ఆ తర్వాత చదవవచ్చు. కాలిఫోర్నియాలో భృతి లెక్క ఉద్యోగం పోయిన రోజు నుంచి మొదలు కాదు, దరఖాస్తు పెట్టిన వారపు ఆదివారం నుంచి మొదలవుతుంది. అంతకు ముందు గడిచిపోయిన వారాలకు, గట్టి కారణం చూపిస్తే తప్ప, డబ్బు రాదు. మొహమాటపడ్డాననేది గట్టి కారణం కిందికి రాదు.

నా దగ్గరకు సలహా కోసం వచ్చిన ఒక యువకుడు ఇలాగే ‘వచ్చే వారం ఆఫర్ వచ్చేస్తుంది’ అనుకుంటూ ఏడు వారాలు ఆగాడు. ఆఫర్ వచ్చింది, కానీ పదకొండో వారంలో. వారానికి 450 డాలర్ల చొప్పున 3,150 డాలర్లు పోగొట్టుకున్నాడు. అది వాళ్ల ఒక నెల ఇంటి అద్దె కంటే ఎక్కువ. ఆ ఏడు వారాలూ రాత్రిళ్లు నిద్ర పట్టక బ్యాంకు ఖాతా చూసుకుంటూ గడిపానని చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఒక్క సంగతి మాత్రం చూసుకోమనండి. తీసేస్తున్నట్టు చెప్పిన రోజు వేరు, ఉద్యోగం ముగిసే రోజు వేరు కావచ్చు. పెద్ద ఎత్తున కోతలు పెట్టే కంపెనీలు చట్ట ప్రకారం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి, కొన్ని కంపెనీలు పనికి రావద్దని చెప్పి ఆ 60 రోజులూ జీతం మీదే ఉంచుతాయి. అమ్మాయికి ఇచ్చిన ఉత్తరంలో చివరి తేదీ ఏమని ఉందో చూడాలి. జీతం ఇంకా నడుస్తుంటే, అది ఆగిన వారంలో దరఖాస్తు పెట్టాలి. ఒకేసారి చేతికిచ్చిన పరిహారం సంగతి వేరు. కాలిఫోర్నియాలో దానివల్ల సాధారణంగా భృతి తగ్గదు. అది వచ్చింది కదా అని ఆగనక్కర్లేదు, దరఖాస్తులో అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. వేరే రాష్ట్రాల్లో ఈ నియమం వేరుగా ఉంటుంది.

ఇక చేయి చాచడం గురించి. ఈ చిక్కంతా ‘భృతి’ అనే మాటతో వచ్చిందని నా నమ్మకం. మన దగ్గర ఆ మాట ఎన్నికల హామీల్లో వింటాం. అందుకే అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేదిగా వినిపిస్తుంది. అమెరికాలో దాని అసలు పేరు నిరుద్యోగ బీమా. 1930ల మహా మాంద్యంలో లక్షలాది మంది రోడ్డున పడ్డప్పుడు, 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదటగా దీనికి చట్టం చేసింది. 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టంతో అన్ని రాష్ట్రాలకూ పాకింది. ప్రతి ఉద్యోగి పేరు మీద కంపెనీ ఏటా దీనికి పన్ను కడుతుంది. కేంద్రానికి కట్టేది ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద 6 శాతం, అందులో ఎక్కువ భాగం రాష్ట్రానికి కట్టిన దాని కింద మినహాయింపుగా పోతుంది. మీ అమ్మాయి పేరు మీద ఆరేళ్లుగా ఆ పన్ను పడుతూనే ఉంది. ఎల్ఐసీ పాలసీ డబ్బు తెచ్చుకోవడానికి మన ఇళ్లలో ఎవరూ తల దించుకోరు. ఇదీ అలాంటిదే. ఆ అమ్మాయి పనిచేసింది కాబట్టి వస్తోంది, పనిచేయనివాళ్లకు ఇది రాదు.

పౌరసత్వం గురించిన భయానికీ ఆధారం లేదు. నిరుద్యోగ బీమాను అమెరికా వలస శాఖ ప్రభుత్వం మీద ఆధారపడి బతకడంగా లెక్కించదు, సంపాదించుకున్న హక్కుగానే చూస్తుంది. పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు చూసేది మనిషి నడవడిక. ఈ బీమా తీసుకోవడం ఆ నడవడికకు మచ్చ కాదు. అబద్ధం చెప్పి తీసుకుంటే మాత్రం తప్పకుండా మచ్చే. అందుకే డబ్బు ఎంత వస్తుందన్న దానికంటే, ప్రశ్నలకు ఏమని జవాబు చెప్పాలన్న దాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

డబ్బు సంగతి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. కాలిఫోర్నియాలో వారానికి 40 నుంచి 450 డాలర్ల వరకు, ఏడాదిలో గరిష్ఠంగా 26 వారాలు ఇస్తారు. సాఫ్ట్‌వేర్ జీతం వచ్చినవాళ్లకు దాదాపుగా 450 వస్తుంది. ఈ పరిమితిని 2005 తర్వాత పెంచలేదు, అది అన్యాయమనే అంటాను. అయినా 26 వారాలూ కలిపితే 11,700 డాలర్లు. మొదటి వారం నిరీక్షణ వారం, దానికి డబ్బు ఉండదు. లెక్కకు తీసుకునేది చివరి నెల జీతం కాదు, ముగిసిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగు. ఫిబ్రవరిలో దరఖాస్తు పెడితే అంతకు ముందటి ఏడాది సెప్టెంబరుతో ముగిసిన పన్నెండు నెలల జీతం చూస్తారు. ఆ జీతాల లెక్కతో ఇంటికి ఒక కాగితం వస్తుంది. అందులో ఏ త్రైమాసికం దగ్గరైనా అంకె తప్పుగా పడిందేమో జీతం రసీదులు పక్కన పెట్టుకొని సరిచూసుకోవాలి.

దరఖాస్తు తీసుకునేది రాష్ట్ర ఉపాధి అభివృద్ధి శాఖ. అక్కడివాళ్లు దాన్ని ఈడీడీ అంటారు. ఆన్‌లైన్‌లో ఒక పూట పని. సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్ కార్డు వివరాలు, గత 18 నెలల్లో పనిచేసిన కంపెనీల పేర్లు, చిరునామాలు, చివరి వారానికి పన్నులు వగైరా పట్టుకోకముందు జీతం దగ్గర ఉంచుకోవాలి. కంపెనీ పేరు జీతం రసీదు మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. అందరూ పిలిచే పేరు రాస్తే రికార్డుతో కలవక వారాల తరబడి ఆగిపోతుంది. ఎందుకు మానేశారన్న చోట ‘పని లేక తీసేశారు’ అన్నది ఎంచుకోవాలి. ఈడీడీ అదే ప్రశ్న కంపెనీని కూడా అడుగుతుంది. రెండు జవాబులూ కలవాలి. అందుకే, వెళ్లేటప్పుడు గౌరవంగా ఉంటుందని రాజీనామా ఉత్తరం రాసివ్వమంటే రాయవద్దని గట్టిగా చెప్పండి. సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాళ్లకు ఈ బీమా రాదు.

దరఖాస్తుతో పని అయిపోదు. ప్రతి రెండు వారాలకు ఒకసారి, ఆదివారం నుంచి శనివారం వరకు ఒక్కో వారానికి విడివిడిగా, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జబ్బు చేసి పని చేయలేని రోజులున్నాయా? మరే కారణం చేతనైనా పూర్తికాలపు పని వస్తే చేరలేని రోజులున్నాయా? పని వెతికారా? వచ్చిన పనిని కాదన్నారా? చదువులో గానీ శిక్షణలో గానీ చేరారా? డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా, ఏదైనా పని చేశారా, సంపాదించారా? రెండు నిమిషాల్లో అవుననో కాదనో నొక్కేసి ముగించవచ్చు. మంచి పిల్లలు కూడా చిక్కుల్లో పడేది అక్కడే.

రెండో ప్రశ్న మీ ఇంటికి సంబంధించింది. అమ్మాయిని రెండు నెలలు ఇంటికి రమ్మంటున్నారు కదా, ఆ రెండు నెలలూ ఆమె పనికి అందుబాటులో లేనట్టే. రేపు పొద్దున శాన్‌హోసేలో పనిలో చేరమంటే ఇక్కడి నుంచి చేరలేదు. ఆ వారాలకు భృతి రాదు. ఇక్కడ మీ ఇంట్లో కూర్చొని ‘పనికి సిద్ధంగా ఉన్నాను’ అని నొక్కితే అది అబద్ధపు వాంగ్మూలం అవుతుంది. రావద్దని నేను అనను. ఉద్యోగం పోయిన బిడ్డకు అమ్మ చేతి అన్నం తినాలని ఉంటుంది. రెండు నెలల ప్రయాణం వల్ల పౌరసత్వానికీ ఇబ్బంది లేదు, ఆరు నెలలు దాటితేనే ప్రశ్నలు వస్తాయి. వస్తే ఆ వారాలను వదులుకొని, తిరిగి వెళ్లాక దరఖాస్తును మళ్లీ తెరిపించుకోవాలి. నన్నడిగితే మొదటి రెండు నెలలు అక్కడే ఉండడం మేలు. కోతల తర్వాత పాత సహోద్యోగుల నుంచి పిలుపులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. వీలైతే మీరే వెళ్లి రండి.

చదువు ప్రశ్న కూడా ఇలాంటిదే. ఖాళీగా ఉండడమెందుకని పూర్తికాలపు కోర్సులో చేరితే అర్హత పోవచ్చు. ఈడీడీ ముందుగా ఆమోదించే శిక్షణలు ఉన్నాయి, చేరకముందే అడగాలి. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటూ పగలు పనికి సిద్ధంగా ఉండేవాళ్లకు సాధారణంగా సమస్య రాదు, అయినా అడిగిన చోట చెప్పాలి.

చివరి ప్రశ్న ఇంకా జాగ్రత్తగా చదవాలి. మనవాళ్లు స్నేహితుడి స్టార్టప్‌కు ‘ఊరికే సాయం’ చేస్తారు, పిల్లలకు కోడింగ్ పాఠాలు చెప్పి కొంత తీసుకుంటారు. అవన్నీ చెప్పాలి. డబ్బు చేతికొచ్చిన వారంలో కాదు, పనిచేసిన వారంలోనే, పన్నులు వగైరా పట్టుకోకముందు మొత్తం చూపించాలి. చెప్పినంత మాత్రాన అంతా పోదు. వారానికి 200 డాలర్లు సంపాదిస్తే అందులో నాలుగో వంతు వదిలేసి 150 మాత్రమే తగ్గిస్తారు, 300 చేతికి వస్తుంది. దాచిపెట్టి దొరికితే అర్హత లేకుండా తీసుకున్నదంతా తిరిగి కట్టడమే కాక దాని మీద 30 శాతం జరిమానా పడుతుంది, ముందు రావలసిన వారాలకూ కోత పడుతుంది. రేపు పౌరసత్వపు ఇంటర్వ్యూలో సమాధానం చెప్పుకోవలసింది కూడా దీని గురించే.

వారం వారం ఎక్కడెక్కడ దరఖాస్తు చేసిందో, ఎవరితో మాట్లాడిందో, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. ఈడీడీ ఎప్పుడైనా అడగవచ్చు.

ఇక మీ అబ్బాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఈ బీమా సాధారణంగా రాదు. కంపెనీ వాడి పేరు మీదా పన్ను కట్టి ఉంటుంది కాబట్టి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ పని దొరికిన వెంటనే ఎక్కడైనా చేరగలగాలన్నది ఈ బీమాకు మూల షరతు. హెచ్-1బీ అనుమతి ఒక యజమానితో ముడిపడినది. ఆ యజమాని వదిలేస్తే, ఇంకొకరు వాడి కోసం దరఖాస్తు వేసే దాకా పనిచేసే అనుమతి లేనట్టే. స్నేహితులెవరో ‘పెట్టి చూడు, వస్తే వచ్చింది’ అంటే వినవద్దనండి.

వాడు లెక్కపెట్టుకోవలసింది 60 రోజులు. 2017 జనవరి నుంచి ఉన్న నియమం ఇది. ఉద్యోగం ముగిశాక వరుసగా 60 రోజుల వరకు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు వరకు, ఏది ముందైతే అంతవరకు దేశంలో ఉండవచ్చు. సాధారణంగా జీతం నడిచిన చివరి రోజు మర్నాడు నుంచి లెక్క. ఆలోగా కొత్త కంపెనీ దరఖాస్తు వేయాలి, లేదా వేరే వీసా హోదాకు మార్చుకోవడానికి దరఖాస్తు వేయాలి, కుదరకపోతే తిరిగి రావాలి. హెచ్-1బీ అనుమతి గడువుకు ముందే తీసేసిన కంపెనీ తిరుగు ప్రయాణపు సహేతుకమైన ఖర్చు ఇవ్వాలని నిబంధన ఉంది. చాలామందికి ఇది తెలియక అడగరు. కోతల మాట వినిపిస్తోందంటున్నారు కనుక, ఇప్పుడే రెజ్యూమె సరిచేసుకొని, జీతం రసీదులు, హెచ్-1బీ ఆమోద పత్రం సొంత మెయిలులో భద్రపరచుకోమనండి. ఉద్యోగం పోయిన గంటలోనే ఆఫీసు మెయిలు మూసేస్తారు. చదువు ముగించి ఓపీటీ (విద్యార్థి వీసా మీద కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్న పిల్లల లెక్క మళ్లీ వేరు. వాళ్లకు ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లకు ఇచ్చే) పొడిగింపులో ఉంటే అంతా కలిపి 150 రోజులు గడువు ఉంటుంది. వాళ్లూ భృతి మీద ఆశ పెట్టుకోకూడదు.

మళ్లీ అమ్మాయి దగ్గరకు వస్తే, ఆరోగ్య బీమా ఎప్పుడు ఆగుతుందో ఈరోజే కనుక్కోవాలి. పాత కంపెనీ బీమాను కోబ్రా అనే చట్టం కింద 18 నెలల వరకు సొంత ఖర్చుతో కొనసాగించవచ్చు, నిర్ణయించుకోవడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది. అది చాలా ఖరీదు. రాష్ట్ర బీమా విపణి కవర్డ్ కాలిఫోర్నియాలో కూడా 60 రోజుల్లోగా చేరవచ్చు, ధరలు పోల్చి చూడాలి. భృతి మీద కాలిఫోర్నియా పన్ను వేయదు గానీ కేంద్రం వేస్తుంది. ప్రతి చెల్లింపులో 10 శాతం ముందే పట్టుకోమని చెబితే ఏప్రిల్‌లో భారం తగ్గుతుంది.

ఒకవేళ ‘అర్హత లేదు’ అని ఉత్తరం వస్తే అక్కడితో వదిలేయవద్దనండి. కంపెనీ రాసిన ఒక్క తప్పు కారణంతో కూడా అలా రావచ్చు. ఉత్తరం మీది తేదీ నుంచి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, న్యాయాధికారి ఇరుపక్షాలనూ వింటారు. ఆ ఉత్తరాన్ని, తీసేసినట్టు కంపెనీ ఇచ్చిన కాగితాన్ని జత చేస్తే చాలావరకు పని జరుగుతుంది. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ రెండు వారాలకొకసారి ప్రశ్నలకు జవాబు చెబుతూనే ఉండాలి. మధ్యలో మానేస్తే, అప్పీలు గెలిచినా ఆ వారాల డబ్బు రాదు.